మొదటి ముద్ద

ఎనభైల్లో నాచారంలో మా పక్క వాటాలో ఉండిన ఇల్లాలు, భర్త కంచంలో మొదటి ముద్ద తానే తినేది. అతనికి మనసు చెదిరి ఫ్యాక్టరీ పని పోయింది. అన్నంలో ఎవరో విషం కలుపుతున్నారని అనుమానం పట్టుకుంది. ఆమె తిని చూపిస్తేనే తినేవాడు. తిన్నాకే మాత్ర వేసుకునేవాడు. అందుకే ఆమె ఒక్క పూటైనా ఇల్లు కదిలేది కాదు. మగడికన్నా ముందు తినే ఆడదాన్ని నేనెక్కడా చూడలేదు. అయినా ఆమెను ఒక్క మాట అనబుద్ధి కాలేదు.

నాగోలులో ఆమె చెల్లెలి పెళ్లి. పొద్దున్నే ఆమె తమ్ముడు ఆటో తెచ్చాడు.

"బావను ఈ పెద్దమ్మ కాడ ఇడిసి రా అక్కా. నలుగుట్ల నవ్వులపాలైతం."

నేను సరేనని, ఆమె భర్త కంచంలో ముద్ద తిని చూపించాను. అతను కంచం తోసేశాడు.

"ఈమె గూడ ఆళ్ల మనిషే!"

మెతుకు పారేయడం నాకు గిట్టదు. ఆ కంచం నేనే ఖాళీ చేశాను. ఆమె భర్తకు ఉతికిన చొక్కా తొడిగి ఆటో ఎక్కించింది. తోడుకు నన్నూ రమ్మంది.

పెళ్లి భోజనాల్లో అతను విస్తరి ముందు బిగుసుకుని కూర్చున్నాడు. ఆమె అందరి ముందూ వంగి, అతని విస్తట్లోంచి పప్పన్నం తీసి నోట్లో పెట్టుకుంది. వియ్యాలవారి ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తమ్ముడు వచ్చి పళ్లు కొరికాడు.

"ఇజ్జత్ తీసినవ్ గదక్కా!"

భర్త చెయ్యి అన్నంలోకి పోయేదాకా ఆమె తల తిప్పలేదు. అతను తినడం మొదలుపెట్టాక తమ్ముడితో అంది:

"పప్పుల ఉప్పు తక్కువైందిరా. పోయి జెప్పు."