ఎండబెట్టకూడని చెక్కలు

శాంటా క్లారాలో మా అమ్మాయి ఇంటికి పెద్దవాళ్ళం షిఫ్టుల్లో వస్తాం. ఆరు నెలలు మా వియ్యంకుడు, ఆరు నెలలు నేను. ఇద్దరం ఒంటరివాళ్ళమే కాబట్టి ఏర్పాటు సులువు. ఆయన విమానం ఎక్కాక నా విమానం దిగుతుంది. వెళ్ళేముందు ఆయన నాకో కాగితం రాసి పెట్టిపోతాడు: చెత్తబండి వచ్చే రోజు, మొక్కలకు నీళ్ళు పోసే వేళ, డిష్‌వాషర్‌లో స్టీలు గిన్నెలు ఏ వరసలో సర్దాలో. పత్రికాఫీసు డెస్కులో నా తర్వాతి షిఫ్టువాడికి నేను కూడా అలాంటి చీటీలే పెట్టేవాణ్ణి. కాకపోతే వాటిని ఎవరూ చదివేవారు కాదు.

ఈసారి టికెట్ల తేడా వల్ల ఇద్దరం పదకొండు రోజులు ఒకే ఇంట్లో ఉండాల్సి వచ్చింది. ఇంకా వెళ్ళలేదు కదా అని ఆయన చీటీ రాయలేదు. జరిగినదానికి అదే మూలం అని నా వాదన. ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

నేను శుక్రవారం దిగాను. ఆదివారం పొద్దున్నే మెలకువ వచ్చేసింది. ఇల్లంతా నిద్రలో ఉంది. వియ్యంకుడు నడకకు వెళ్ళినట్టున్నాడు. గరాజ్‌లోకి తొంగిచూస్తే ఒక ప్లాస్టిక్ తొట్టిలో ఎనిమిది పల్చటి చెక్కరేకులు నీళ్ళలో నానుతున్నాయి. పోస్టుకార్డుకు రెండింతలుంటాయి. ఒక్కోదానికి ఒకవైపు నిలువుగా సన్నటి గాళ్ళు తీసి ఉన్నాయి. ఎవరో ఎంతో ఓపికగా చేసినవి.

న్యూస్‌ప్రింటు రీళ్ళు వానకు తడిస్తే గోదాం అంతా పరుగులు పెట్టే ఉద్యోగంలో జుట్టు నెరిసినవాణ్ణి. తడవకూడనిది తడిసిందంటే నా చేతులు ఆగవు. పైపు కారి తొట్టిలో నీళ్ళు చేరాయనుకున్నాను. పెరట్లో పాత దుప్పటి పరిచి, ఎనిమిదింటినీ వరసగా పేర్చి, గాలికి లేవకుండా గులకరాళ్ళు పెట్టాను. కాలిఫోర్నియా ఎండ సంగతి తెలిసిందే. నేను కాఫీ తాగి వచ్చేసరికి బాగా ఆరిపోయాయి. మనసుకు హాయిగా అనిపించింది.

వియ్యంకుడు నడక నుంచి వచ్చి దుప్పటి ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"ఏం బావగారు, ఒడియాలా?" అన్నాడు చివరికి.

"మీ చెక్కలు తడిసిపోయాయి బావగారూ. ఆరబెట్టాను."

"మంచిగ ఆరబెట్టిన్రు. ఇగ నూనె కాగబెట్టమందామా?"

ఆయన ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అది అప్పటికే దొప్పలా వంగింది. వేళ్ళతో కొంచెం సాపు చేయబోతే మధ్యకు చీలింది. ఆయన దాన్ని తిరిగి జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టి, రాయి కూడా పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు.

అమ్మాయి నిద్రలేచి విషయం విని తల పట్టుకుంది. "నాన్నా, నువ్వొచ్చి టూ డేస్ కూడా కాలేదు! మామయ్యగారు సిక్స్ మంత్స్ నుంచి దాని మీదే వర్క్ చేస్తున్నారు. ట్యూస్‌డే కాకుండా నెక్స్ట్ ట్యూస్‌డే ఆయన ఫ్లైట్."

అప్పుడు తెలిసింది అసలు సంగతి.

మా వియ్యంకుడు సికింద్రాబాద్‌లో రైల్వే వర్క్‌షాపులో బ్యాటరీ సెక్షన్ మనిషి. రైలు పెట్టెల్లో దీపాలు వెలిగించే పెద్ద సెల్స్ ఆయన చేతుల మీదుగా పోయేవి. ఇక్కడికి దగ్గర్లో వాలంటీర్లు నడిపే చిన్న మ్యూజియం ఒకటుంది. అందులో పెట్రోలు కార్లు ఇంకా ఊరంతా నిండని కాలం నాటి కరెంటు కారు ఉంది. సీటు కింద బ్యాటరీ పెట్టె మాత్రం ఖాళీ. దాన్ని పాత పద్ధతిలోనే కట్టొచ్చని ఈయన అన్నాడు. మ్యూజియం చూసుకునే నెరిసిన జుట్టు ఆవిడ, ముందు ఒక్క సెల్ చేసి చూపించమంది. చేసిన మొదటి సెల్ వారంలో చచ్చిపోయింది. రెండోది కూడా నిలవకపోతే సీటు కింద కొత్తరకం సీలు బ్యాటరీలు పెట్టి పైన చెక్కమూత వేసేస్తామని ఆవిడ మర్యాదగానే చెప్పింది. ఆ రెండో సెల్ చెక్కలకే నేను ఎండ చూపించాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర క్షమాపణ చెప్పబోయాను. ఆడపిల్ల తండ్రిని. పెళ్ళినాటి నుంచి ఆయనకు ఎదురు చెప్పి ఎరగను. ఆయన సాంబారులో వేరే కూర కలుపుకున్నా బాగుంటుందనే అన్నాను.

"మీకు తెల్వక జేసిన్రు, పోనీయున్రి," అన్నాడాయన. పప్పు గిన్నె జరిపి, రెండు చపాతీలు ఎదురెదురుగా నిలబెట్టి నాకు పాఠం మొదలుపెట్టాడు. "ఇవి రెండు సీసం ప్లేట్లు అనుకోన్రి. తాకితె ఖతం. తాకకుంట మధ్యల అడ్డం బెట్టాలె. గాజు బెడితె యాసిడ్ అటూ ఇటూ పోదు. అందుకే చెక్క. చెక్క పీలుస్తది, ప్లేటును ఆపుతది."

"అయితే ఏ చెక్కయినా ఫరవాలేదా?"

"గట్లెట్లయితది! చెక్కల వగరుంటది. అది ప్లేటును తింటది. కాస్టిక్ సోడాల నానబెట్టి, పచ్చగొచ్చె నీళ్ళు తెల్లగయ్యేదాంక కడగాలె. కడిగినంక తడి ఆరనీయొద్దు. ఆరిందా, పలుగుతది. పలుగులకెల్లి సీసం ఎంట్రుకలెక్క పెరిగి అవతలి ప్లేటును తాకుతది."

విలేఖరులకూ ప్రకటనల విభాగానికీ మధ్య బల్ల మీద బతికినవాణ్ణి. ఆ చెక్క కష్టం నాకు వెంటనే అర్థమైంది.

మొదటి సెల్‌లో చెక్క పగల్లేదట. పాజిటివ్ ప్లేటు వైపు మాడి నల్లబడి, పిండిలా రాలిపోయిందట. దానికి ఈయన దగ్గర మందుంది. కొత్తగా చేరినప్పుడు ఈయన చేత చెక్కలు కడిగించిన ఉస్తాద్, పాజిటివ్ వైపు సన్నటి బెజ్జాలున్న రబ్బరు రేకు కూడా పెడితే చెక్క ఎక్కువకాలం నిలుస్తుందని చెప్పాడట. చేసి చూపించేలోపు చెక్కల బదులు ప్లాస్టిక్ అడ్డురేకులు వచ్చేశాయి, ఉస్తాద్ రిటైరయ్యాడు. ఉద్యోగమంతా మనసులో ఉండిపోయిన ఆ మాట ప్రకారం ఈయన ఇక్కడ గట్టి రబ్బరు షీటు కొని, ఒక్కో బెజ్జం సన్న డ్రిల్లుతో తానే వేసి, ఆ రేకులు తయారుచేసుకున్నాడు. అదృష్టం, అవి తొట్టిలో లేవు. ఉంటే వాటినీ ఆరబెట్టేవాణ్ణే.

సోమవారం పని మళ్ళీ మొదలైంది. కంచెలకు వాడే సీడర్ పలక తెచ్చి, మ్యూజియం రంపం మీద రేకులు కోయించి, గాళ్ళు తీశాడు. మామూలుగా నాలుగు రోజులు నానబెట్టేవాడు. టైము లేక ఈసారి సోడా నీళ్ళు వేడిచేసి ఒక్కరోజులో తేల్చాడు. కడిగే పని నాకు అప్పగించాడు. శిక్ష అని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. రెండు గంటలకోసారి నీళ్ళు మార్చాలి. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. ఆఫీస్‌కి వెళ్తూ అమ్మాయి, "మామయ్యగారూ, మా నాన్నకి బ్రేక్ ఇవ్వండి, యూనియన్ పెట్టగలరు," అని నవ్వింది.

"యూనియన్ వార్తలు రాసుడే గాని పెట్టుడు ఆయనకు రాదమ్మా," అన్నాడాయన. కొంత నిజమే.

బుధవారం సాయంత్రానికి నీళ్ళు తేటపడ్డాయి. ఎనిమిది చేస్తే ఒకటి రంపం దగ్గరే పోయింది. ఏడు మిగిలాయి. సెల్‌కు ఆరు కావాలి.

గురువారం మ్యూజియం షెడ్డులో సెల్ కట్టడం. ప్లేటు, రబ్బరు, చెక్క, ప్లేటు. గాళ్ళు పాజిటివ్ వైపు నిలువుగా ఉండాలి, బుడగలు పైకి పోవడానికట. ఆయన ఒక్కో రేకునూ కిటికీ వెలుగులో చూసి నాకిస్తాడు. నేను నీళ్ళ బొట్లు దులిపి తిరిగి ఇస్తాను. మ్యూజియం ఆవిడ చేతులు కట్టుకుని చూస్తోంది. ఐదోది నా చేతికి వచ్చింది. అలవాటు కొద్దీ నేనూ వెలుగుకు పట్టాను. ప్రూఫులు చూసిన కళ్ళు. మూలన వెంట్రుకంత గీత.

ఆయన చెయ్యి చాచాడు. నేనివ్వలేదు.

పెళ్ళినాటి మర్యాదలన్నీ గుర్తొచ్చాయి. ఆయన పనిలో, ఆయన చూసి ఇచ్చిన చెక్కను, పరాయి మనిషి ఎదుట, అదీ వాటిని ఒకసారి నాశనం చేసిన నేను తప్పు పట్టడమా?

"బావగారూ, ఇందులో పగులుంది."

"పలుగు గాదు, అది చెక్క గీత."

"కాదు బావగారూ."

ఇన్నేళ్ళలో ఆయనతో నేనన్న మొదటి 'కాదు' అదే. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. రేకు తీసుకుని వెలుగు దగ్గర మెల్లగా వంచాడు. గీత నోరు తెరిచింది. అందులోంచి కిటికీ వెలుగు సన్నగా ఇటు పడింది.

ఆయన దాన్ని పక్కన పెట్టి ఏడోది తీశాడు. దాన్ని మాత్రం తాను చూసుకోకుండా ముందు నాకే ఇచ్చాడు.

"చూడున్రి," అన్నాడు.

బాగుంది. ఇచ్చాను.

యాసిడ్ ఆవిడే పోసింది. శనివారం సాయంత్రానికి ఛార్జింగ్ పూర్తయింది. ఇక మంగళవారం పొద్దున దాకా ఎవరూ ముట్టకూడదు. లోపల ఎక్కడైనా ప్లేట్లు తాకుతుంటే అప్పటికి వోల్టు మీటరు పడిపోతుంది. నిలిస్తే రెండు వోల్టులకు పైనే చూపిస్తుంది. చిక్కేమిటంటే, మ్యూజియం తలుపులు తెరిచే వేళకు ఆయన ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి.

మంగళవారం అమ్మాయి ఆయన్ను ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్తూ దారిలో నన్ను షెడ్డు దగ్గర దించింది. మ్యూజియం ఆవిడ మీటరు తీగలు పెట్టింది. నేను కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, ఫోన్ చేశాను. వెనక ఎనౌన్స్‌మెంట్లు వినిపిస్తున్నాయి.

"రెండు పాయింట్ ఒకటి, బావగారూ."



"మీటరు తిరగేసి పెట్టలేదు గదా?"

"ఆవిడ పెట్టింది."

"అయితె సరే. ఆమె ఏమంటున్నది?"

"మిగతా పెట్టె కూడా ఇలాగే కట్టమంటోంది. మీరొచ్చేదాకా ఆగుతానంది."

అవతల సెక్యూరిటీ దగ్గర ఎవరో బెల్టు తీయమంటున్నారు. ఆయన హడావిడిగా, "గరాజ్‌ల అల్మార మీద చీటీ బెట్టిన, సదువున్రి," అని పెట్టేశాడు.

ఇంటికొచ్చి చీటీ చూశాను. అందులో చెత్తబండి లేదు, మొక్కలు లేవు, డిష్‌వాషర్ లేదు. తొట్టిలో కొత్త రేకులు పాతిక నానుతున్నాయి. సోమవారమంతా సామాను సర్దుకోకుండా ఏం చేశాడో అప్పుడు తెలిసింది. మీటరు చూడకముందే కోసి పెట్టాడు. చీటీలో మూడే వాక్యాలు: నీళ్ళు రోజూ మార్చాలి. ఒక్కోదాన్ని వెలుగుకు పట్టి మీరే చూడాలి. ఎండ గరాజ్ అవతలి వైపు వస్తుంది, తొట్టి ఇవతలే ఉండాలి.

చొక్కా చేతులు పైకి మడుచుకుని తొట్టి నీళ్ళు వంపాను.