ఒర్రె దారిలో మా గోడ

మా ఆయన దుబాయ్‌లో వెల్డింగ్ పని చేసి పంపిన డబ్బుతో కామారెడ్డిలో, ఎల్లారెడ్డికి పోయే రోడ్డు వైపు ఒక ప్లాటు కొన్నాం. ఇల్లు తర్వాత, ముందు గోడ. మా దగ్గర అందరూ అంతే. జాగా ఖాళీగా కనిపించిందంటే హద్దు రాయి తనంతట తానే నడుస్తుంది. అందుకని నాలుగు దిక్కులా సిమెంటు ఇటుకల గోడ పెట్టించి, ఇనుప గేటు బిగించి, తాళంచెవిని నా పుస్తెలతాడుకే కట్టుకున్నాను. అదే గల్లీలో కిరాయికి ఉండేదాన్ని. పొద్దున్నే చాయ్ తాగి ఒకసారి గోడను చూసి రాకపోతే నాకు పని మీద మనసు నిలిచేది కాదు.

ఆ జాగాలోంచి ఒకప్పుడు ఒర్రె, అంటే వాన నీళ్ళ వాగు, పారేదని గోడ కట్టాక తెలిసింది. వెంచరు వేసినవాళ్ళు మొరం పోసి దాన్ని పూడ్చి, ఎగువన రోడ్డు తీశారు. మేము కొన్నది ఎండాకాలంలో. నున్నటి నేలను చూసి మురిసిపోయాం. ఈ సంగతి ఫోన్లో చెప్తే మా ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "ఎవ్వరితోని అనకు. పర్మిషన్ వచ్చేదాక సప్పుడు చెయ్యకు. నీళ్ళ జాగ అని పేరు పడ్డదంటే ఇల్లు కట్టనియ్యరు, కొనేటోడు రాడు."

ఆ వానాకాలం ఒకనాడు సాయంత్రం మొదలైన వాన తెల్లారినా ఆగలేదు. పైనుంచి వచ్చిన నీళ్ళు మా గోడకు తగిలి, పోయే దారి లేక వెనక్కి తిరిగి గల్లీలోకి ఎక్కాయి. గోడకు ఆనుకుని ఉన్న మొదటి ఇల్లు దర్జీ చాచాది. ఆయన కుట్టుమిషను పెడలు మునిగింది. చాచీకి అదే వారం కంటి ఆపరేషన్ అయింది. కళ్ళకు కట్టుతో మంచం మీద ఉంది.

గడ్డపారలు పట్టుకుని గల్లీ మగవాళ్ళు వచ్చారు. నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

"చెల్లె, తాళం తియ్యి. గోడకు ఒక బొక్క కొట్టుకుంటం, గంతే," అన్నాడు ఎదురింటి ఆటో అన్న.

"బొక్క నీ గోడకే కొట్టుకోరాదే అన్నా!"

"నా గోడను వానే కొట్టింది. ఆటోల కప్పలు ఎక్కి కూసున్నయి. కిరాయి ఇయ్యవు, దిగుమంటే దిగవు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నేను మా ఆయనకు ఫోన్ చేశాను. అవతల మిషన్ల చప్పుడు.

"ముట్టనియ్యకు," అని అరిచాడు. "మన జాగలకెళ్ళి నీళ్ళు పారినయంటే అందరు చూస్తరు. ఇగ దాన్ని ప్లాటు అనరు. గిన్నేండ్లు గీ ఎండల చేసిందంత పోతది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. తాళంచెవిని పిడికిట్లో పట్టుకున్నాను.

అప్పుడే చాచా నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని, మోకాలి లోతు నీళ్ళలో గోడ పట్టుకుంటూ వచ్చాడు. గోడ మాటే ఎత్తలేదు. "బేటీ, జర మంచం ఒక దిక్కు పట్టు. కండ్లకు మురికి నీళ్ళు తాకొద్దన్నడు డాక్టరు," అన్నాడు.

పోయాను. చాచీ తల నా వైపు తిప్పింది. "ఎవరు? గోడ బిడ్డవా? నీళ్ళు ఎంత దాక వచ్చినయి చెప్పు. ముసలాయన నాకు అబద్ధాలు చెప్తున్నడు."

ఆమె చేయి మంచం అంచు నుంచి వేలాడుతోంది. వేళ్ళ కొసలకు నీళ్ళు తగులుతున్నాయి. ఇంకేం చెప్పను? మంచం ఎత్తి పక్క మిద్దె మీదికి చేర్చి, వచ్చి తాళం తీశాను.

"కింది గోడ ముందు కొట్టండి. పైది ముందు కొడితే లోపల చెరువు నిండినట్టు నిండుతది," అన్నాను. కిందివైపు అంతా బీడు. ఒక్కో దెబ్బ పడుతుంటే ఆ గడ్డపార నా వీపు మీద దిగినట్టే ఉంది.

నీళ్ళు తమ దారి మరిచిపోలేదు. కొట్టిన బొక్కల్లోంచి గోడలను పడదోసి, పోసిన మొరాన్ని కోసుకుంటూ, పాత వంపు దగ్గర వంపు తిరిగి మరీ పోయాయి. మధ్యాహ్నానికి నా ప్లాటు నడుమ నిలువునా ఒర్రె పారుతోంది. అందరూ చూస్తున్నారు. ఇది ప్లాటు కాదన్న మాట మాత్రం ఎవరూ అనలేదు.

వాన తగ్గాక మున్సిపల్ ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. ఫోటోలు తీసుకుంటూ, "ఈ ప్లాటు ఎవరిది?" అని అడిగాడు.

పొద్దున గడ్డపారతో నా మీదికి వచ్చిన ఆటో అన్నే ఎటో చూస్తూ, "ఎవలదో సార్. గీడ ఉండరు," అన్నాడు.

నన్ను కాపాడుతున్నాడని అర్థమైంది. నేనూ ఊరుకుంటే సరిపోయేది. కానీ గోడ లేని జాగా ఎవరిదో తెలియదని సారు నా ఎదురుగానే రాసుకుపోతే, రేపు ఏ మొహంతో అడగను?

"నాదే సార్," అన్నాను.

"పిచ్చి చెల్లె," అని గొణిగాడు ఆటో అన్న.

"ఇది నీళ్ళ దారి అమ్మా. ఇక్కడ ఇల్లు కట్టడానికి కుదరదు," అన్నాడు సారు.

"మరి గిన్ని దినాలు గీ దారి యాడ పోయింది సార్? నేను పూడ్చిన్నా? వెంచరోళ్ళు పైదిక్కు రోడ్డు పోసి, రాళ్ళు పాతి, మాకు అమ్మిండ్రు. గా జాగ ఫోటో గూడ తియ్యుండ్రి. నా ఒక్కదాని జాగ ఫోటో తీస్కొని పోతనంటే గేటు తియ్య."

"గోడనే లేదు, గేటేందే!" అన్నాడు ఆటో అన్న. ఈసారి అందరూ నవ్వారు, సారు తప్ప.

ఆయన పైవైపు చూశాడు. అక్కడింకా మోకాలి లోతు బురద నీళ్ళు. తన బూట్లు చూసుకున్నాడు.

"రాండ్రి సాబ్, నేను ముందు నడుస్త. లోతు నాకెర్క," అని చాచా కర్ర పట్టుకుని నీళ్ళలో దిగాడు. సారు బూట్లు విప్పి ఆటో అన్న చేతిలో పెట్టి, ప్యాంటు మడుచుకున్నాడు. వెనక నేను.

నడుమ దారిలో దుబాయ్ నుంచి ఫోన్.

"గోడ ఉన్నదా?" అన్నాడు మా ఆయన.

"లేదు," అన్నాను. "జర ఆగు, మళ్ళ చేస్త. సారును వెంచరోళ్ళు ఒర్రె పూడ్చిన కాడికి తీస్కపోతున్న."