హాకీ కర్ర మీద కుంకుమ

చిన్నప్పుడు మేము దక్షిణాఫ్రికాలో, డర్బన్ ఎండలో చెమటలు కక్కుకుంటూ వెళ్ళి మంచు మీద ఆడేవాళ్ళం...

నవ్వకండి, నిజం. బయట సముద్రపు ఉక్కపోత, తలుపు తోసి లోపలికి వెళ్తే గడ్డకట్టిన తెల్లటి నేల. తెల్లవాళ్ళ పాలన పోయిన ఎన్నికలయ్యి, కొత్త జెండా ఎగిరిన మరుసటి ఏడాది పిల్లల ఐస్ హాకీ లీగ్ అక్కడ మొదలైంది. మొత్తం కలిపి నాలుగు జట్లు. మా జట్టులో హెల్మెట్ కింద నుంచి రెండు జడలు వేలాడేది నాకొక్కదానికే.

నాన్న డర్బన్‌లోనే, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పేటలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. మేము కాకినాడ నుంచి వచ్చి అప్పటికి ఏడాదే. పక్కింట్లో నరసమ్మ అవ్వ ఉండేది. ఆవిడ తాత ఎప్పుడో ఓడెక్కి చెరుకు తోటల్లో పనికి వచ్చాడట. అవ్వకి తెలుగు సగం పోయింది... దేవుడి మాటలు, తిండి పేర్లు, తిట్లు మిగిలాయి. తిట్లు మాత్రం చెక్కుచెదరలేదు.

నా స్కేట్లు ఎవరివో పాతవి. హెల్మెట్ ఇంకెవరిదో. కర్ర ఒక్కటే కొత్తది, సీజన్ చివర్లో వచ్చిన నా పదకొండో పుట్టినరోజుకి నాన్న కొన్నాడు. దాన్ని పక్కన పెట్టుకునే పడుకునేదాన్ని.

సీజన్‌లో చివరి మ్యాచ్ వచ్చింది. ఆ రోజు ఆట చూసి జొహానెస్‌బర్గ్ వెళ్ళే జట్టుని ఎంపిక చేస్తారు. నేను ఆ జట్టులో ఉండాలి... అంతే. ఇంకేమీ అక్కర్లేదు.

పొద్దున్నే అవ్వ పళ్ళెం పట్టుకుని వచ్చేసింది.

"కొత్తది ఏది ఒచ్చినా పూజ సెయ్యాల. మా కొడుకు కారుకి సేసినాం. దీనికి ఎందుకు సెయ్యం?"

స్కేట్ల కింద నిమ్మకాయ పెట్టి తొక్కించింది. కర్పూరం తిప్పింది. రాలిపోకూడదని కొబ్బరినూనెలో కుంకుమ కలిపి, కర్ర చివర చుట్టిన తెల్ల టేపు మీద మూడు బొట్లు పెట్టింది. ఆటకి ముందు తుడిచేస్తానని నేనంటే అమ్మ గయ్యిమంది.

"బొట్టు తుడుస్తావా? నోర్మూసుకో, అశుభం!"

తుడవలేదు. ఆ ఒక్క మాటకి తుడవలేదు.

ఆట మొదలైంది. రబ్బరు బిళ్ళ నా దగ్గరికి వచ్చింది, ఇద్దరిని తప్పించుకుని ముందుకి దూసుకెళ్ళాను... అబ్బా, ఆ వేగం ఇప్పటికీ కాళ్ళలో ఉంది! ఇంతలో విజిల్ మోగింది. వెనక్కి తిరిగి చూస్తే, నా కర్ర తగిలిన చోటల్లా మంచు మీద గులాబీరంగు గీతలు.

ఆ మైదానం మేనేజర్, తెల్లాయన, మంచు మీదికే వచ్చేశాడు. "ఏమిటీ చెత్త? ఇదేమైనా మీ గుడి అనుకున్నావా?" అని ఇంగ్లీషులో అరిచాడు. మ్యాచ్ అయ్యేదాకా బెంచీ మీద నుంచి లేవొద్దన్నాడు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ముందు వారమే అవతలి జట్టు అబ్బాయికి ముక్కు పగిలి రక్తం కారింది. ఇదే మనిషి పలక పెట్టి మంచు గీకేసి, వాడి వీపు తట్టి "శభాష్" అన్నాడు. రెండు నిమిషాల్లో ఆట మళ్ళీ మొదలైంది. రక్తం ఫరవాలేదట... కుంకుమ మాత్రం చెత్తట!

పైన మెట్ల మీద అవ్వ పక్కన కూర్చున్న నాన్న వైపు చూశాను. నాన్న అడుగుతాడు, ఈ మాటే అడుగుతాడు అనుకున్నాను.

నాన్న మెట్లు దిగి వచ్చాడు. చేతులు జోడించాడు. "సారీ సర్... మా ఆడవాళ్ళు తెలియక చేశారు సర్." జేబులోంచి రుమాలు తీసి, నా చేతిలోంచి కర్ర లాక్కుని, అందరూ చూస్తుండగా బొట్లు తుడిచేశాడు. తెల్ల రుమాలు ఎర్రబడింది.

మేనేజర్ తలూపాడు. నన్ను మాత్రం ఆటలోకి దింపలేదు.

అప్పుడు లేచింది అవ్వ. "హైబో! లాస్ట్ వీక్ బ్లడ్ ఓకే, కుంకం నాట్ ఓకే? ఏట్రా ఎదవా, బొట్టుకి నీ ఐస్ సచ్చిపోద్దా?"

"అవ్వా, ఊరుకోండి," అని నాన్న బతిమాలాడు. "మనకెందుకు గొడవ?"

"నువ్వు నిన్న ఒచ్చినావు బాబూ. నానిక్కడే పుట్టినాను. నానెందుకు ఊరుకోవాల?"

జొహానెస్‌బర్గ్ జాబితాలో నా పేరు లేదు. దారిలో నాన్న బన్నీ చౌ కొన్నాడు, రొట్టె తొలిచి కూర నింపి ఇస్తారే, అది. నాకు ప్రాణం. ముట్టుకోలేదు. తర్వాత మళ్ళీ మంచు మీద కాలు పెట్టలేదు. మేనేజర్ మొహం కూడా మర్చిపోయాను గానీ, ఆ రుమాలు మాత్రం మర్చిపోలేదు. నాన్న మీద కోపం ఇన్నేళ్ళైనా చల్లారలేదు... చల్లారిందని అబద్ధం చెప్పలేను.

మొన్న శనివారం ఇక్కడే డర్బన్‌లో మా అమ్మాయి మొదటి ఐస్ హాకీ మ్యాచ్. అవ్వ లేదు. నేనే కొబ్బరినూనెలో కుంకుమ కలిపి మూడు బొట్లు పెట్టాను. వాళ్ళ కోచ్ ఇక్కడి నల్లజాతి అమ్మాయి, జూలూ. కర్ర చూసి, అదేమిటని అడిగి, చెప్తే "బాగుంది" అని లేసులు కట్టడంలో పడిపోయింది. అంతే! ఇంత చిన్న విషయం!

పక్కనే కూర్చున్న నాన్న రుమాలు తీశాడు. "ఎందుకొచ్చిన గొడవమ్మా... తుడిచేద్దాం."

ఆ రుమాలు లాక్కుని నా సంచిలో పడేశాను. "రానీ నాన్నా. ఈసారి గొడవ రానీ."

ఆట మొదలైంది. మంచు మీద గులాబీరంగు గీత పడింది. నాన్న చెయ్యి తనకి తెలియకుండానే జేబులోకి వెళ్ళింది... ఖాళీ జేబులో అలాగే ఉండిపోయింది.

జెండా మారింది, మనుషులు మారారు... మా నాన్న చేతికి ఇంకా ఆ సంగతి తెలియలేదు. మీ ఇంట్లో కూడా ఏ తప్పూ చెయ్యకుండా సారీ చెప్పినవాళ్ళు ఉన్నారా? ఉంటే కింద రాయండి. కోపంగానే రాయండి, నేనేమీ అనుకోను.