కర్ర కొసన మేకు

ఏడో తరగతి మూడుసార్లు చదివాను. నాలుగోసారీ చదివేవాణ్ణే, బల్ల కింద కాళ్ళు పట్టడం లేదని మాస్టారు పంపించేశారు. అంతటి చదువరిని ఇప్పుడు కోడలి చేత పాఠాలు అప్పజెప్పించుకుంటున్నాను. నవ్వుకున్నారు గదా, ఇక చాలు. ఇరవై రెండేళ్ళుగా ఒక పాపం లోపల మోస్తున్నాను. మీకు చెప్పేస్తాను.

కోడలు టీచరు పరీక్షకు చదువుతోంది. పుస్తకం చూసి ప్రశ్నలు అడగడం నా పని.

"అంతర్గత ప్రేరణ అంటే?"

"బయట నుంచి బహుమతి ఏదీ రాకపోయినా, చేయడంలో ఉన్న ఆనందం కోసమే చేయడం. ఒక ఉదాహరణ చెప్పు మామయ్యా, గుర్తుంటది."

నా దగ్గర ఒకటి ఉంది. పేజీ తిప్పేశాను.

సాంబయ్య నా స్నేహితుడు. బండ లాగుడు పందేల్లో ఆయన గిత్తలకు పెద్ద పేరు. మేకు దిగ్గొట్టిన కర్రతో పొడిస్తే ఆ జతను పందెం నుంచి తప్పిస్తారు. సాంబయ్య అయితే వట్టి కర్ర దెబ్బ కూడా పడనిచ్చేవాడు కాడు. అదిలిస్తే చాలు, లాగేవి. తోలేది ఆయన తమ్ముడు వీరయ్య. మైకులో జోకులేసేది నేను. నన్ను చూస్తే జనం నవ్వేవారు. సాంబయ్యను చూస్తే లేచి నిలబడేవారు. అంతే తేడా.

ఆ ఏడు కారంపూడి దగ్గర పందెం. గిత్తలకు పసుపు రాసే హడావిడిలో, వీరయ్య కర్ర కొసన చిన్న మేకు దించాను. బండ కదిలాక మైకులో, "వీరయ్య కర్రకు పళ్ళొచ్చినట్టున్నాయి, చూడండయ్యా" అన్నాను. జనం నవ్వారు. పెద్దలు చూశారు. జతను తప్పించారు. సాంబయ్య అందరి ముందు తమ్ముడి చెంప పగలగొట్టాడు.

"అమ్మతోడన్నా, నేను కాదు!"

సాంబయ్య నా వైపు తిరిగాడు. "ఈడు పొడవడం నువ్వు చూశావంట్రా?"

చూశానన్నాను.

ఆ వారమే అన్నదమ్ములు వేరుపడ్డారు. వీరయ్య ఈపూరు వెళ్ళిపోయాడు. గిత్తలను అమ్మేశారు. ఇంతా చేస్తే నాకేం ఒరిగింది? గెలిచినవాళ్ళు టీ చుక్క కూడా పోయలేదు. సరదాకి చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. సరదా అయితే మర్నాడే నవ్వి చెప్పేసేవాణ్ణి గదా? నమ్మినవాడు నలుగురిలో తల దించుకుంటే చూడాలనుకున్నాను, చూశాను, లోలోపల ఆనందించాను కూడా. అలాంటి ఆనందానికి పుస్తకంలో ఇంత మర్యాదైన పేరుంటుందని నాకేం తెలుసు?

మలి వయసు గురించి కూడా ఒక పేజీ ఉంది. వెనక్కి చూసుకుని, నా బతుకు ఇదీ అని ఒప్పుకోగలిగితే సమగ్రత, లేకపోతే నిరాశ అట. కోడలికి అది ఒక మార్కు ప్రశ్న. నాకు నిద్ర లేదు.

నిన్న పొద్దున సాంబయ్య దగ్గరికి వెళ్ళాను. కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. తేలికైంది, అబద్ధమెందుకు. ఆయన ఇంకో వరస తిరగేశాడు. తర్వాత అన్నాడు:

"మా వీరిగాడు తను కాదని ఇరవై రెండేళ్ళుగా కబురంపతానే ఉండాడు. నీ మాట నమ్మి ఆడి మాట నమ్మలా. ఇయ్యాల నువ్వు చెప్పేది మాత్రం ఎందుకు నమ్మాలిరా?"