గొర్రెలు కొరికిన స్ప్రూస్

చెట్టును చంపింది నేను. బెంచీ మీద చోటు పోయింది సునీతకి. ఆ రెండింటి మధ్య నేను చెప్పిన అబద్ధం ఒకే ఒక్క వాక్యం.

కరోనాకి మూడేళ్ల ముందు, ఐర్లండ్‌లో నేవన్ ఊరి బయట ఒక నర్సరీలో నన్ను బోన్సాయ్ బెంచీకి పెద్దగా వేశారు. అక్కడి పనిలో మెట్లు ఉండేవి. కుండీలు మోసి, నీళ్లు పట్టేవాళ్లది యార్డు. కత్తెర పట్టే అర్హత వచ్చినవాళ్లది బెంచీ. బెంచీ పెద్ద మాట యజమాని డెక్లన్ కూడా తీసేసేవాడు కాదు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి, కడియంలో మా నాన్న పక్కన అంట్లు కడుతూ పని నేర్చినవాణ్ణి. మా ఆవిడ నర్సు. ఆవిడ ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చాను. పుస్తకం చూసి చెట్టు పెంచేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ఆ వసంతంలోనే విక్లో కొండల్లో ఒక రైతు అనుమతితో స్ప్రూస్ చెట్టొకటి తవ్వి తెచ్చాం. సూదుల్లాంటి ఆకులుండే చలిదేశపు చెట్టు అది. క్రిస్మస్‌కి ఇళ్లలో పెట్టుకుంటారే, ఆ జాతి. ఏటేటా గొర్రెలు చిగుళ్లు కొరికేస్తుంటే ముప్ఫై ఏళ్లకి కూడా మోకాలెత్తు దాటలేదు. మొదలు మాత్రం నా పిక్కంత లావు. ఇలా కొండల్లోంచి తెచ్చిన చెట్టుని మా వృత్తిలో యమదోరి అంటారు. కుండీలో పదేళ్లు పెంచినా రాని ముసలితనం దానికి ఒంటి మీదే ఉంటుంది.

వచ్చిన చిక్కల్లా మట్టితో. అది పెరిగింది పీట్‌లో, అంటే ఇక్కడి బురదనేలల నల్లమట్టిలో. పెట్టెలోకి మార్చాక ఆ మట్టి తడి వదలదు. పోనీ ఒక్కసారే కడిగేద్దామంటే వేళ్లని అంటిపెట్టుకున్న తెల్లటి బూజు పోతుంది. ఆ బూజు రోగం కాదు. వేరుకి తిండి అందించేది అదే. అందుకని ఒక పక్క సగం కడిగి, అక్కడ నీళ్లు నిలవనివ్వని ప్యూమిస్ రాతిముక్కలు నింపి, చెక్కపెట్టెలో నిలబెట్టాం. రెండో సగం నాలుగో వసంతంలో అని డెక్లన్ కార్డు మీద రాశాడు. ప్రతి చెట్టుకీ ఒక పని కార్డు ఉండేది: ఏ రోజు ఎవరు ఏం చేశారో రాసి, నీళ్లు పోస్తే పక్క గడిలో టిక్కు పెట్టాలి. నేను రాసేవాణ్ణి కాను. నా జ్ఞాపకం నాకు చాలునని గర్వం.

రెండో ఏడు చలి మొదలయ్యాక చెట్టుకి మొదటిసారి రూపం దిద్దాం. సునీత అప్పుడే ఆరు నెలల పరీక్ష మీద యార్డు నుంచి బెంచీకి వచ్చింది. కరీంనగర్ మనిషి, ముప్ఫై అయిదేళ్లుంటాయి, వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. ఇక్కడికొచ్చిన ఇన్నేళ్లకి తన చదువుకి దగ్గరైన పని దొరికిందని ఆవిడ సంబరం.

ముందు చెట్టుకి ముఖం తేల్చాలి. మొదలు వెడల్పుగా, నేలని గట్టిగా పట్టినట్టు కనిపించే వైపు ముఖం. తర్వాత కొమ్మలు. మంచు బరువుకి ముసలి స్ప్రూస్ కొమ్మలు వాలి ఉంటాయి. పైకి లేచి ఉంటే పడుచు చెట్టన్నమాట. కొమ్మకొమ్మకీ రాగితీగ చుట్టి కిందికి వంచాను. చివర్లో, గొర్రెలు కొరికి చచ్చిపోయిన పైకొన కోసేద్దామన్నాను.

“కొయ్యకున్రి అంకుల్. ముప్పై ఏండ్లు గొర్రెలతోని కొట్లాడింది గద, ఆ గుర్తన్న ఉండనియ్యున్రి.”

“నువ్వు గొర్రెల పక్షమా, చెట్టు పక్షమా?”

“మీ పక్షమైతే కాదు,” అని నవ్వింది.

ఆ కొన తొక్క ఒలిచి, తెల్లటి మోడుగా వదిలాం. డెక్లన్ వచ్చి, నా కొమ్మలన్నీ వదిలేసి ఆ మోడునే మెచ్చుకున్నాడు. ఆలోచన ఎవరిదని అడిగాడు. నేనే చెప్పాను, సునీతదని. చెప్పాను గానీ, నా కొమ్మల గురించి ఆయన ఒక్క మాటా అనలేదన్నది మరిచిపోలేదు.

మార్చి వచ్చింది. రెండో సగం ఇప్పుడే కడిగేద్దామన్నాను.

“వచ్చే ఏడని కార్డు మీద ఉన్నది గదంకుల్. తీగ చుట్టి నాలుగు నెల్లు గూడ కాలే.”

“మా కడియంలో జువ్వి మొక్క వేళ్లన్నీ నరికి నాటితే పది రోజుల్లో చిగురేస్తుంది, తెలుసా?”

“అది జువ్వి. ఇది స్ప్రూస్.”

ఆ మాట సూటిగా తగిలింది. ఆ నెల్లోనే వచ్చే ఇక్కడి పాట్రిక్ పండుగ సెలవునాడు నర్సరీలో ఎవరూ ఉండరు. తాళాలు నా దగ్గరే. వెళ్లి చెట్టు పైకి తీసి, మిగతా పీట్ అంతా గొట్టంతో కడిగి, వేళ్లు సగానికి కత్తిరించి, మళ్లీ అదే పెట్టెలో పెట్టి, కదలకుండా కొత్త తీగతో కట్టి, పైన నాచు కప్పేశాను. కార్డు ముట్టుకోలేదు. చిగుళ్లు విచ్చుకున్నాక చెప్దాం, అప్పుడు వీళ్ల మొహాలు చూద్దాం అనుకున్నాను. రెండు రోజులకి మా తమ్ముడి కొడుకు పెళ్లికని అయిదు వారాల సెలవు మీద ఇండియా వెళ్లిపోయాను. చెట్టు సునీతకి అప్పగించారు.

తిరిగొచ్చేసరికి పచ్చగానే ఉంది. మేలో మొగ్గలు ఉబ్బాయి, సగం విచ్చుకున్నాయి, ఆగిపోయాయి. జూన్‌లో చెయ్యి తగిలితే చాలు, సూదులు గుప్పెళ్లతో రాలాయి.

డెక్లన్ మా ఇద్దర్నీ పిలిచి కార్డు తీశాడు. మార్చి నెలాఖరు నుంచి ప్రతి రోజూ సునీత టిక్కు ఉంది, వాన పడిన రోజుల్లో కూడా. ఎందుకని అడిగాడు. ఆకుల మీద చల్లేదాన్నని చెప్పింది. రెండేళ్లుగా కుదురుకున్న చెట్టుకి ఆకులు తడపాల్సిన పనేమొచ్చిందని ఆయన ప్రశ్న. సునీత నా వైపు తిరిగి తెలుగులో, “మీకేమన్న చెప్పేదున్నదా అంకుల్?” అంది.

“నాకేముంటుందమ్మా,” అన్నాను.

ఏమంటోందని డెక్లన్ నన్నడిగాడు. అప్పుడన్నాను ఆ వాక్యం, ఇంగ్లీషులో: ఈ దేశపు వానలో రోజూ నీళ్లు పోస్తే ఏ వేరు బతుకుతుంది?

“గ్రాండ్,” అన్నాడు డెక్లన్. ఇక్కడ ఆ మాటకి అర్థం బాగుందని కాదు, సంగతి అయిపోయిందని. సునీత పరీక్షలో తప్పింది. మళ్లీ యార్డులో పూలమొక్కల ట్రేలు మోసింది. నెల తిరక్కుండా మానేసింది.

చెట్టును పెట్టెలోంచి తీసింది నేనే. నీళ్లెక్కువై కుళ్లిన వేరు నల్లగా, మెత్తగా, కంపు కొడుతూ ఉంటుంది. ఇవి ఎండిన పురికొసల్లా గట్టిగా ఉన్నాయి. నేను కోసిన చోట్ల కొత్త వేరు ఒక్కటి పుట్టలేదు. డెక్లన్ చూడకముందే చెట్టుని వేళ్లతో సహా కొమ్మలు నరికే యంత్రంలో వేసేశాను. అబద్ధం నోరు జారి వచ్చిందని సర్దిచెప్పుకోవచ్చు. ఈ పని మాత్రం చేతులతో, నిదానంగా, తెలిసి చేసింది.

పోయినేడు పని విరమించాను. సునీత బాలింకాలిగ్ అనే ఊళ్లో ఉందని తెలిసి ఉత్తరం రాశాను. పంపేముందు మా ఆవిడ చదివి, “ఇదేం క్షమాపణండీ, సగం ఉత్తరం మీ కడియం గొప్పలే ఉన్నాయి,” అని నా మొహాన పెట్టింది. ఆ సగం కొట్టేసి మళ్లీ రాశాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. స్ప్రూస్ చచ్చాక కూడా రెండు మూడు నెలలు పచ్చగా ఉంటుంది. ఆకు రాలిన రోజున ఎవరు దగ్గరున్నారో చూసి లాభం లేదు. వేరు తెగిన రోజు ఏదో వెతకాలి. చేసిన పని చేసిన రోజే రాయాలి. రాయడానికి మనసొప్పని పని చెయ్యకూడదు.

రెండు నెలల తర్వాత సునీత జవాబు వచ్చింది. మాట్లాడినట్టే రాసింది.

“అంకుల్, నమస్తే. మీరు ఇండియా పోయిన వారంలనే నాకు తెలిసింది. చెట్టును పెట్టెకు కట్టిన తీగ కింద కొత్తగ మెరుస్తుండె, పాతదైతే నల్లబడి ఉండాలె. వేర్లు కోసిన్రని సమజైంది. తెగిన వేర్లు నీళ్లు గుంజుకోలేవని రోజు ఆకుల మీద చల్లిన. మీరు వచ్చి కార్డు మీద రాస్తరని చూసిన. మీ ముంగట డెక్లన్‌కు నేను చెప్తే మీ ఇజ్జత్ పోతదని ఊకున్న. అది నా తప్పు, మీది గాదు. ఇప్పుడు మీరు రాసిన నాలుగు పేజీలల్ల నాకు తెల్వని ముచ్చట ఒక్కటి లేదు. తెలిసినోళ్లకు ఎందుకు రాసిన్రు? డెక్లన్‌కు రాయున్రి.”