ఊళ్లో లేరు

మేడ్చల్ వెళ్లే హైవే మీద ఒక కార్ల షోరూంలో నేను ఆరేళ్లపాటు వార్తలు రాశాను. పేపరు వార్తలు కావు. ఎండాకాలం వస్తోంది, ఏసీ చూపించుకోండి. తొలకరి పడింది, వైపర్లు మార్చుకోండి. దసరాకు బండి ఉచితంగా కడిగి, దండ వేసి ఇస్తాం. ఇట్లాంటివి రాసి నా గొంతుతోనే రికార్డు చేస్తే, సీజనుకోసారి సాయంత్రం పూట ఒక మెషీను మా కస్టమర్లందరికీ ఫోన్లు చేసి వినిపించేది. సర్వీసు కావాలంటే ఒకటి నొక్కండి, ఏదైనా చెప్పాలనుకుంటే బీప్ తర్వాత చెప్పండి అని చివర్లో ఉండేది. నా గొంతు తియ్యగా ఉంటుందని మేనేజరు గారి నమ్మకం. మా ఇంట్లో ఎవరికీ అలాంటి నమ్మకం లేదు.

ఆ పని మీద నాకు కాస్త పొగరే ఉండేది. పక్క షోరూముల వాళ్లు ఎవరికీ అర్థంకాని భాషలో ఆఫర్లు చదివి వినిపిస్తుంటే, నేను మాత్రం మనిషి మనిషితో మాట్లాడినట్టు రాసేదాన్ని. "బండిని కదపకుండా ఉంచితే బ్యాటరీ పడిపోతుంది. రెండు రోజులకోసారి పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఉంచండి" అని ఒక ఎండాకాలం రాశాను. ఎవరు వింటారులే అనుకుంటూనే రాశాను.

మా షోరూంలో ఒక పద్ధతి ఉండేది. కస్టమరుతో మాట్లాడాక కంప్యూటర్లో ఒక వరుస నొక్కాలి. మాట్లాడారు, ఎత్తలేదు, తప్పు నంబరు, బండి అమ్మేశారు, ఊళ్లో లేరు. అన్నిటికన్నా కింద "యజమాని మరణించారు" అని కూడా ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. కొత్త బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి సాగనంపే చోట చావు మాట రాయకూడదు. ఒకసారి ఎవరో పొద్దున్నే, బోణీ కాకముందే అది నొక్కితే ఆ రోజంతా ఒక్క బుకింగు కూడా కాలేదట. ఎవరు నొక్కారో, ఏ రోజో అడిగితే ఎవరికీ తెలియదు. చనిపోయిన వాళ్లందరినీ మేము "ఊళ్లో లేరు" కింద వేసేవాళ్లం. చేరిన మొదటి వారంలోనే నాకు ఇది నేర్పారు. నా తర్వాత చేరిన వాళ్లకు నేనే నేర్పాను.

ఊళ్లో లేని వాళ్లకు తర్వాతి సీజను నుంచి వేరే రికార్డింగు వెళ్లేది. అదీ నేను రాసిందే. "నమస్కారం. మీరు ఊరి నుంచి క్షేమంగా తిరిగి వచ్చారని తెలిసి చాలా సంతోషంగా ఉంది. మీ బండి కూడా మీ కోసమే ఎదురుచూస్తోంది." మేనేజరు గారు దీన్ని రెండుసార్లు విని, "దిల్ ఖుష్ చేసినవమ్మా" అన్నారు. ఆ రెండు పద్ధతులూ ఎక్కడో ఒకచోట కలుస్తాయని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ ఏడాది ఎండాకాలం క్యాంపులో ఒక బండి బుక్కయి రాలేదు. ఒకటి నొక్కిన వాళ్లకు మెషీనే మర్నాటికి టైము వేస్తుంది; దీనికి పొద్దున పది గంటలకు మూడో నంబరు లిఫ్టు. సర్వీసు చూసే పెద్దాయన, శామీర్‌పేట మనిషి, మైకులో యజమాని పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. వానాకాలం క్యాంపులో మళ్లీ అదే పేరు, అదే పది గంటలు. మళ్లీ ఎవరూ రాలేదు. రాని కస్టమర్లు మాకు కొత్త కాదు కాబట్టి నేను పట్టించుకోలేదు. దసరా ముందు ఆ పేరు మూడోసారి వచ్చినప్పుడు మాత్రం పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నాకు మంచిగనిపిస్తలేదు. పేరు పిల్వంగనే అద్దాల తల్పు తెర్సుకుంటాంది. సూస్తే ఎవ్వరుండరు."

"దానికి సెన్సారు ఉంది. గాలికి కూడా తెరుచుకుంటుంది" అన్నాను విసుగ్గా.

"గాలి పది గంటలకే వస్తదా?"

ఆయన నోరు మూయించడానికే ఆ బండి వివరాలు తీశాను. తూంకుంట దగ్గర కొత్తగా వేసిన లేఅవుట్లో ఇల్లు. బండి తీసుకెళ్లిన రోజు ఫొటో కూడా ఉంది. చూడగానే గుర్తొచ్చింది. నిమ్మకాయలు వద్దని మర్యాదగా చెప్పిన కుటుంబం. వాళ్ల పాస్టరు గారు బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే, ఆ యజమాని తన కూతుర్ని ఎత్తుకుని కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పాప మాత్రం ఒక కన్ను తెరిచి ఫొటోల కోసం మేము చేతికిచ్చే పెద్ద అట్ట తాళంచెవి వైపు చూస్తోంది.

ఫొటో కింద రాసి ఉంది: ఊళ్లో లేరు. దాని పక్కన, అది నొక్కిన మనిషి నంబరు. నా నంబరే.

అప్పుడు గుర్తొచ్చింది, చలికాలం పోయే రోజుల్లో నేను చేసిన ఫోను. సర్వీసు టైం దాటిందని చెప్పబోతే ఆయన భార్య ఎత్తింది. ఆదివారం ప్రార్థన అయి చర్చి మెట్లు దిగుతూ దిగుతూ కూలబడిపోయాడని, ఆసుపత్రి చేరేలోపే అయిపోయిందని చెప్పింది. "సచ్చిపోయిండు మేడం" అని స్పష్టంగానే అంది. నేను అయ్యో అన్నాను. నా ఎదురుగా రెండు కొత్త బండ్లకు పూలు కడుతున్నారు. నేను మా పద్ధతి ప్రకారం నొక్కి, తర్వాతి నంబరుకు వెళ్లిపోయాను.

మరి మూడు సీజన్లుగా ఒకటి నొక్కుతున్నది ఎవరు?

బీప్ తర్వాత మాటలు కంప్యూటర్లో ఉంటాయి. వాటిని ఎవరం వినం, బూతులే ఎక్కువ కాబట్టి. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని ఎండాకాలం నాటిది విన్నాను. ముందు ఇంజను చప్పుడు, ఆగి ఉన్న బండి ఇంజను. సీటు బెల్టు పెట్టుకోలేదని కొట్టే టింగ్ టింగ్. తర్వాత ఒక చిన్న గొంతు, చాలా మెల్లగా: "డాడీ, నీకే ఫోన్."

తర్వాత ఏమీ లేదు. అవతలి మనిషి జవాబు చెప్పడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు ఏమీ లేదు. మళ్లీ ఆ గొంతే: "వస్తా అంటుండు ఆంటీ."

మిట్టమధ్యాహ్నం, పక్కన పదిమంది ఉన్నారు, అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. వానాకాలం నాటిది విన్నాను. అదే ఇంజను, అదే టింగ్ టింగ్, అదే మౌనం. "రేపు పక్కా వస్తడంట." దసరాది విన్నప్పుడు మౌనం ఇంకా పొడుగ్గా ఉంది. అందులో ఏదైనా వినిపిస్తుందేమోనని నేను చెవులు నొక్కిపట్టుకుని విన్నాను. ఆ పని చేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. చివర్లో పాప అంది: "ఏం చెప్తలేడు ఆంటీ. నువ్వు అడుగు."

తెర మీద కిందికి దిగి ఆ ముట్టుకోని వరుసను నొక్కితే చాలు, మెషీను ఆ నంబరుకు మళ్లీ ఫోను చెయ్యదు. వేలు అక్కడిదాకా వెళ్లింది. ఫోన్లు ఆగిపోతాయి సరే, ఆ పిల్ల ఎదురుచూడడం ఆగుతుందా? వాళ్ల నాన్న వచ్చాడని నేనే చెప్పాను. వచ్చినవాడు కనబడకపోతే ఎక్కడున్నాడని వెతుక్కుంటూనే పెరుగుతుంది. ఆ నంబరు చీటీ మీద రాసుకుని, సగం రోజు సెలవు పెట్టి, స్కూటీ తీశాను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట మీదుగా వెళ్లాను. చెరువు నిండుగా ఉంది. నేను దారి పొడుగునా ఏం మాట్లాడాలో రిహార్సల్ చేసుకుంటూ పోయాను, షోరూం గొంతుతోనే. ఎన్నిసార్లు మొదలుపెట్టినా నమస్కారం తర్వాత ముందుకు వెళ్లలేకపోయాను. తూంకుంట చేరేసరికి అయిదు దాటింది.

కొత్త లేఅవుట్లలో ఇళ్లు దూరం దూరంగా ఉంటాయి. మధ్యలో హద్దురాళ్లు పాతిన ఖాళీ ప్లాట్లు. ఎవరూ తిరగని ఆ వీధిలో చివరి ఇంటి ఆవరణలో బండి కనిపించింది. ఇంజను ఆన్‌లో ఉంది. అద్దాలు దించి ఉన్నాయి. డ్రైవరు సీటు ఖాళీ. పక్క సీట్లో స్కూలు యూనిఫాంలో ఎనిమిదేళ్ల పిల్ల, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఖాళీ సీటు వైపు తిరిగి కూర్చుంది.

వాళ్లమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఫలానా షోరూం నుంచి అని చెప్పగానే, "రెండ్రోజులకోసారి స్టార్ట్ జేస్తనే ఉన్న మేడం, మీరు జెప్పినట్టే. ఆయన ఎంతో ఇష్టపడి కొన్నడు, చెడిపోవద్దని" అంది. ఆయన ఫోను ఆ బండిలోనే ఉంచుతోందట. బ్యాంకుకు, గ్యాసుకు ఆ నంబరే ఉంది కాబట్టి తీసెయ్యలేదు. "ఇంట్ల మోగితే నాతోని గాదు. అందుకే బండిల పెట్టిన."

ఆన్ చేసిన బండికి ఫోను తనంతట తనే కలుస్తుంది. సాయంత్రం మా మెషీను ఫోను మోగినప్పుడల్లా, నా గొంతు ఆ బండి స్పీకర్లలోంచి వచ్చి, వాళ్ల నాన్న తిరిగి వచ్చాడని ఆ పిల్లకు చెప్పింది. నిలబడ్డచోటే అర్థమైంది నాకు.

దాచకుండా అంతా చెప్పాను. ఊళ్లో లేరు అని నేనే నొక్కానని కూడా చెప్పాను.  ఆవిడ గడప మీద కూర్చుండిపోయింది.

"మీరా!" అంది. "ఎండాకాలంకెళ్లి డాడీ వచ్చిండు, డాడీ వచ్చిండు అంటాంది. ఎవలు జెప్పిండ్రే అంటే జెప్పది. మా అత్తమ్మ జెప్తుందనుకున్న. పిల్లకు అబద్ధాలెందుకు జెప్తున్నవని కొట్లాడిన ఆమెతోని. నాకు తెల్వదమ్మా అని ఏడ్సింది, నమ్మలే. మా ఇంటికి రావుడే బంద్ జేసింది మేడం ఆమె."

నేను క్షమించమన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

"నేనైతే దాని దగ్గర దాయలే. దూరం పోయిండని అందరు జెప్పమన్నరు. నేను జెప్పలే. సమాధుల తోటకు తీస్కపోయిన, దాని చేతులతోనే మట్టి ఏయించిన. అది ఏడ్సి ఏడ్సి, సమజ్ జేసుకుంది. మీరు ఫోన్ జేసిననాడు బయటోళ్లకు ఆ మాట జెప్పుడు నాకు అదే మొదలు. నోట్లకెళ్లి రాకుంటె, పండ్లు బిగవట్టి జెప్పిన. సచ్చిపోయిండు అని. మీరేమో దాన్ని కూడ రాయలే."

నా జీవితంలో నన్ను ఎవరూ అంత మెల్లగా అంత గట్టిగా తిట్టలేదు. తలెత్తి చూడడానికి సిగ్గేసింది. "పాపకు నేనే చెప్తాను" అన్నాను.

బండి దగ్గరికి వెళ్లి, కిటికీ పక్కన వంగి, నేనే ఆ ఫోను ఆంటీనని చెప్పాను. పాప నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వు గాదు" అంది. "ఆ ఆంటీ బయట ఉండది. బండిల ఉంటది."

వాళ్లమ్మ నా వైపు చూసింది. నేను చీటీ తీసి, ప్రహరీ గోడ దాకా నడిచి వెళ్లి, ఆ నంబరుకు చేశాను. బండిలో ఫోను మోగింది. పాప అలవాటైన వేలితో తెర మీద నొక్కింది.

"నమస్కారం" అన్నాను. ఆ ఖాళీ ఆవరణలో బండి నా గొంతుతో నమస్కారం అంది. పాప నిటారుగా కూర్చుంది. వెంటనే పక్కకు తిరిగి, "డాడీ, నీకే" అంది.

ఆ సీట్లో ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా ఆ క్షణం నేను అటు చూడలేకపోయాను. గోడ వైపు తిరిగి మాట్లాడాను.

"డాడీకి కాదు బిడ్డా, నీకే ఈ ఫోను. మీ డాడీ ఊరికి పోలేదు. తిరిగి రాలేదు. చనిపోయాడు. అమ్మ చెప్పిందే నిజం. నేను తప్పు చెప్పాను. మూడుసార్లు తప్పు చెప్పాను."

బండి ప్రతి మాటనూ ఒక్క క్షణం ఆలస్యంగా నాకు తిరిగి వినిపించింది. ఆరేళ్లలో మొదటిసారి నా గొంతు నాకు తియ్యగా అనిపించలేదు. ఇంజను చప్పుడు, టింగ్ టింగ్. ఆ తర్వాత మౌనం. ఈసారి నేను ఏమీ వినాలని ప్రయత్నించలేదు.

"ఇప్పుడు ఎంత నొక్కాలె ఆంటీ?" అని అడిగింది పాప.

"ఏదీ నొక్కొద్దమ్మా."

పాప తెర మీది నుంచి వేలు తీసేసింది. వాళ్లమ్మ గడప మీద నుంచి లేచింది గానీ దగ్గరికి రాలేదు. చివరికి పాప సీట్లోంచి వంగి, ఇన్నాళ్లూ చెయ్యి కూడా వెయ్యని ఆ పక్క సీటు మీద మోకాలు ఆనించి, అందుకుని, ఇంజను బటన్ నొక్కేసింది. బండి ఆగింది. దాంతోపాటే స్పీకర్లూ ఆగిపోయాయి. పాప దిగి, తలుపు వేసి, వాళ్లమ్మ దగ్గరికి నడిచి వెళ్లి, "నానమ్మను రమ్మందామా?" అంది.