వేయని మొదటి పూత

గోళ్లరంగు తుడిచే రిమూవర్ సీసా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటుకు ఇప్పటికీ నా తల దించుకుపోతుంది. నూజివీడు బస్టాండు వెనుక సందులో, రాజ్యం గారి బ్యూటీ పార్లర్‌లో రెండేళ్లు పని నేర్చుకున్నాను. గోళ్లకు రంగు వేసే ముందు ఆమె రంగులేని బేస్ కోటు వేసి, అది ఆరేదాకా కబుర్లు చెబుతూ కూర్చునేవారు. "రంగు తిన్నగా గోరు మీద పడితే లోపలికి దిగి గార పడుతుంది. తొందరైతే రంగు మానెయ్యి, ఇది మాత్రం మానకు" అనేవారు.

ఒక మామిడికాయల సీజన్‌లో నాగమణి వచ్చింది. షెడ్డులో కాయలు ఏరే మనిషి. కూతురి నిశ్చితార్థమని, గోళ్లకు రంగు వేయించుకోవడం ఇదే మొదటిసారని సిగ్గుపడుతూ చెప్పింది. రాజ్యం గారు బయటికి వెళ్లారు. బేస్ కోటు సీసా అడుగున కొంచెమే ఉంది. సాయంత్రం ఒక లెక్చరర్ గారు వస్తానన్నారు. మామిడి సొనకు నల్లబడిన నాగమణి వేళ్లు చూసి, ఈ చేతులకు అదెందుకులే అనుకున్నాను. ముదురు ఎరుపు తిన్నగా వేసేశాను. ఆమె చేతులు చాపి చూసుకుని మురిసిపోయింది.

రెండు వారాలకు మళ్లీ వచ్చింది. రంగు తుడిస్తే పది గోళ్లూ పసుపుపచ్చగా తేలాయి. "నా చేతులకి ఇలాంటివి పడవేమోనండి. వచ్చే నెలే పిల్ల పెళ్లి" అంది, వేళ్లు కొంగులో దాచుకుంటూ.

రాజ్యం గారు నా వైపు తిరిగారు. "బేస్ వేశావా?"

"వేశానండి. సొన వల్ల అయ్యుంటుంది" అన్నాను.

ఆమె నాగమణి చేతిని ఒళ్లోకి తీసుకుని చూశారు. సొన మరకలు చర్మం మీదున్నాయి. పసుపు మాత్రం నేను రంగు వేసిన మేరకే ఉంది. "తప్పు మాదేనమ్మా, నీ చేతులది కాదు. గీకకు. గోరు పెరిగేకొద్దీ పోతుంది. అప్పటిదాకా రంగు వద్దు, రోజూ కాస్త కొబ్బరినూనె రాయి. పెళ్లికి గోరింటాకు నేనొచ్చి పెడతాను" అన్నారు. అన్నట్టే వెళ్లి పెట్టి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

కొన్ని నెలలకు నాగమణి తేటపడ్డ గోళ్లు చూపించడానికి వచ్చి, "మీ ఇద్దరి దయండి" అని నాకూ దండం పెట్టింది. నేనూ నవ్వుతూ చేతులు జోడించాను. రాజ్యం గారు మా వైపు చూడకుండా దువ్వెనలు కడుగుతూ ఉండిపోయారు.

ఇప్పుడు మైలవరంలో నాకూ ఒక పార్లర్ ఉంది. ఎవరి చేయి నా చేతిలోకి వచ్చినా బేస్ కోటు వేయందే రంగు సీసా తెరవను. అది చేతులు నేర్చుకున్న పని, తేలికే. "వేయలేదు" అన్న ఒక్క మాట మాత్రం, చెప్పాల్సిన ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. రాజ్యం గారు పోయారు. నాగమణి ఇంకా అదే షెడ్డులో ఉంది. నూజివీడు బస్సు మా పార్లర్ ముందే ఆగుతుంది.